టెస్టు కాగితం అంచున రాసుకో

చి. మేనకోడలికి,

అత్త దీవెనలు. నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు వంటింట్లో ఉన్నాను. సంతోషం పట్టలేక స్టవ్ ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఫిట్స్ ఉన్న పిల్లల జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల మీద చేస్తావట. 8 ఏళ్ళ పిల్లల నుంచి 22 ఏళ్ళ వాళ్ళ దాకా తీసుకుని, ఏడాదికోసారి మళ్ళీ చూస్తావట. "ఏమైనా చెప్పత్తా" అని మెసేజ్ పెట్టావు. 34 ఏళ్ళు ఆస్పత్రిలో ఇలాంటి పిల్లల ఎదురుగా కూర్చుని జ్ఞాపకశక్తి, ఏకాగ్రత టెస్టులు చేసినదాన్ని, చెప్పడానికి చాలా ఉంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నాను.

ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట 9 ఏళ్ళ బాబు ఒకడు వచ్చాడు. తెల్లవారుజామున బస్సెక్కి వాళ్ళమ్మ తీసుకొచ్చింది. టెస్టులన్నీ చేశాను. చాలా నెమ్మదిగా చేశాడు, చెప్పిన కథలో రెండు ముక్కలు కూడా తిరిగి చెప్పలేకపోయాడు. స్కోర్లు కూడి, జ్ఞాపకశక్తి బాగా తక్కువగా ఉందని రిపోర్టు రాసిచ్చాను. నాలుగు నెలల తర్వాత వాళ్ళమ్మ మళ్ళీ వచ్చి కూర్చుని, మాటల్లో అంది. "ఆ రోజు పొద్దున బస్సులోనే ఫిట్స్ వచ్చిందమ్మా. చెబితే టెస్టు చెయ్యరేమో, మళ్ళీ కూలి పోగొట్టుకుని రావాలి కదా అని చెప్పలేదు." ఈలోగా బడిలో నా కాగితం చూసి పిల్లవాణ్ణి ఒక తరగతి వెనక్కి వేశారు. మళ్ళీ టెస్టు చేస్తే కథ మూడొంతులు చెప్పాడు. ఆ తల్లిది తప్పు కాదు. నేను అడగలేదు, అంతే. నా ఫారంలో ఆ ప్రశ్నే లేదు.

ఫిట్స్ వచ్చాక కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు, మెదడు మబ్బు పట్టినట్టు ఉంటుందని చదువుకున్న దాన్నే. చదువుకున్నది ఆ బల్ల దగ్గర గుర్తు రాలేదు. ఆ రోజు నుంచి ప్రతి టెస్టు కాగితం అంచున పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాను. చివరి ఫిట్స్ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ మందు, ఎంత మోతాదు, ఈ రోజు వేసుకున్నాడా లేదా, రాత్రి నిద్ర పోయాడా, ఏం తిన్నాడు, కళ్ళజోడు తెచ్చుకున్నాడా, చెవులు సరిగ్గా వినిపిస్తాయా. నువ్వూ అదే చెయ్యి. నీ గైడ్ ఇచ్చే ఎక్సెల్ షీటులో వీటికి గడి ఉండకపోవచ్చు. ఉండేలా చూసుకో, లేకపోతే నువ్వే పెట్టు.

మందుల సంగతి తేలిగ్గా తీసుకోకు. జ్వరంలో ఫిట్స్ వచ్చిన పసిపిల్లలకు రెండేళ్ళ పాటు ఫినోబార్బిటోన్ ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 1990లో అమెరికాలో వచ్చింది. ఆ మందుకు కేటాయించిన పిల్లల ఐక్యూ, ఉత్తుత్తి మాత్రకు కేటాయించిన పిల్లల కంటే సగటున 8.4 పాయింట్లు తక్కువగా తేలింది. చవక మందు కాబట్టి మన దగ్గర ఇంకా చాలామంది పిల్లలు అది వాడుతున్నారు. ఏ మందు మీద ఉన్న పిల్లవాడో రాసుకోకపోతే, నువ్వు కొలిచింది జబ్బునో మందునో రేపు నీకే తెలియదు.

తర్వాత భాష. దీని గురించి ఎక్కువ చెప్పాలి. మన పిల్లలకు ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే.

అంకెలు విని అదే వరసలో తిరిగి చెప్పే టెస్టు ఉంది కదా. మన 'ఎనిమిది'లో నాలుగు అక్షరాలు. ఒకటి, నాలుగు, తొమ్మిది మూడేసి అక్షరాలు. ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెడితే 23 అక్షరాలు పలకాలి. ఇంగ్లీషులో సెవెన్ ఒక్కటే రెండు పలుకులు, మిగతావన్నీ ఒక్క పలుకే, మొత్తం 10. విన్న అంకెల్ని మనం లోలోపల పలుక్కుంటూ నిలుపుకుంటాం. పలకడానికి ఎక్కువసేపు పడితే మొదటివి జారిపోతాయి. వేల్స్‌లో ఎలిస్, హెనెలీ అనే ఇద్దరు 1980లో ఇదే చూపించారు. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, రెండు భాషలూ వచ్చిన మనిషే వెల్ష్‌లో తక్కువ అంకెలు, ఇంగ్లీషులో ఎక్కువ అంకెలు గుర్తుపెట్టుకున్నాడు. మనిషి అతనే, మెదడూ అదే. మరి తెలుగులో అంకెలు చెప్పిన పాపను ఇంగ్లీషు పిల్లల నార్మ్స్‌తో, అంటే ఆ వయసు వాళ్ళకు సాధారణంగా వచ్చే స్కోర్లతో, పోల్చి 'ఏకాగ్రత లోపం' అని రాయడం ఎంత తప్పో ఆలోచించు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఇప్పటి పిల్లలు అన్నీ తెలుగులో మాట్లాడతారు, అంకెలు మాత్రం ఇంగ్లీషులో లెక్కపెడతారు. కాన్వెంటులో చదివే పిల్లవాడికి 'ఎనభై ఆరు' అంటే అర్థం కాదు, ఎయిటీ సిక్స్ అనాలి. అందుకని టెస్టుకు ముందే "నువ్వు లెక్కలు మనసులో ఎలా చేసుకుంటావు నాన్నా, తెలుగులోనా ఇంగ్లీషులోనా?" అని అడుగు. వాడు ఏది చెబితే ఆ భాషలో పెట్టు, ఏ భాషో అంచున రాయి. ఏడాది తర్వాత మళ్ళీ చూసేటప్పుడు అదే భాషలో చెయ్యి.

ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు ఒక నిమిషంలో ఎన్ని చెబుతారో చూసే టెస్టు ఇంకోటి. ఇంగ్లీషులో ఎఫ్, ఏ, ఎస్ ఇస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళ టెస్టుల సంపుటిలో మన భాషల వాళ్ళకు క, ప, మ ఇస్తారు. బాగానే ఉంది. కానీ తెలుగు పిల్లవాడికి 'క' అంటే గుణింతంలో మొదటి అక్షరం. "కుక్క చెప్పొచ్చా ఆంటీ? అది 'కు' కదా?" అని అడుగుతాడు. అడగని పిల్లవాడు కల, కడవ, కత్తి అని ఆగిపోతాడు. అడిగినవాడికి కుక్క, కోతి, కాకి, కొబ్బరికాయ అన్నీ దొరుకుతాయి. ఇద్దరి మెదళ్ళలో తేడా ఉందని నువ్వు రాసేస్తావు. గుణింతం మొత్తం చెల్లుతుందా, వత్తులున్న మాటలు చెల్లుతాయా అన్నది మొదటి పిల్లవాడు రాకముందే నిర్ణయించుకో, అందరికీ ఒకే మాటల్లో చెప్పు, ఉదాహరణలు కూడా ఇవ్వు.

బొమ్మల పేర్లు కూడా అంతే. మొక్కజొన్న బొమ్మ చూపిస్తే ఒకడు కంకి అంటాడు, ఒకడు పొత్తు అంటాడు, తెలంగాణ పల్లె నుంచి వచ్చినవాడు మక్క అంటాడు. వేరుశనగ కాయను పల్లీ అన్నవాడికి సున్నా వేసిన స్కోరు షీట్లు నేను కళ్ళారా చూశాను. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా నలుగురు నాలుగు జిల్లాల వాళ్ళను కూర్చోబెట్టి, ప్రతి బొమ్మకూ చెల్లే మాటల జాబితా ముందే రాసుకో. వారం రోజుల పని. అది లేకపోతే రెండేళ్ళ పనికి విలువుండదు.

నార్మ్స్ ఎప్పటివో కూడా చూడు. నాగపూర్‌లో మాలిన్ గారు భారతీయ పిల్లల కోసం తయారుచేసిన తెలివితేటల స్కేలు 1969 నాటిది. నేనూ ఏళ్ళ తరబడి వాడాను, దాని మీద నాకు గౌరవముంది. కానీ నార్మ్స్ పాతబడేకొద్దీ స్కోర్లు ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపిస్తాయి. అందుకని అచ్చులో ఉన్న నార్మ్స్ మీదే ఆధారపడకు. అదే ఊరి నుంచి, అదే మీడియంలో చదివే పిల్లల్ని పోలికకు తీసుకో. తోబుట్టువు దొరికితే ఇంకా మంచిది, ఇల్లూ తల్లి చదువూ ఒకటే కాబట్టి. వీలు చూసుకుని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి వెళ్ళు. ఆటిజం కోసం 40 అంశాలతో మన దేశానికే తయారుచేసిన స్కేలు వాళ్ళది. ఫిట్స్ ఉన్న పిల్లల్లో ఆటిజం లక్షణాలున్న వాళ్ళు నీకు తప్పకుండా ఎదురవుతారు, అప్పుడు అది కావాలి.

తల్లులు చెప్పేది విను. వినడమంటే తలూపడం కాదు, వాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే రాసుకోవడం. 1997లో లండన్‌లో ఫరానే వర్గా-ఖాదెమ్ గారి బృందం ముగ్గురు చిన్నవయసు వాళ్ళ గురించి రాసింది. ఒకరికి పుట్టినప్పుడు, ఒకరికి 4 ఏళ్ళకు, ఒకరికి 9 ఏళ్ళకు మెదడులో జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతింది. ముగ్గురూ మామూలు బడిలోనే చదివారు, చదవడం రాయడం వచ్చింది, లోకజ్ఞానమూ ఫరవాలేదు. కానీ పొద్దున ఏం జరిగిందో సాయంత్రానికి చెప్పలేరు, దారి తప్పుతారు, వస్తువు ఎక్కడ పెట్టారో తెలియదు. ఇంట్లో వాళ్ళకు ఇది రోజూ కనిపించేదే. ఐక్యూ టెస్టు మాత్రమే చేసి ఊరుకుంటే ఇది ఎన్నటికీ బయటపడేది కాదు. "మార్కులు వస్తాయమ్మా, కానీ కొట్టుకు పంపితే ఎందుకు పంపానో మర్చిపోతాడు" అని ఒక తల్లి అంటే, ఏ టెస్టు తీయాలో ఆమే నీకు చెబుతోందన్నమాట.

అలాగని టెస్టు గదిలో తల్లిని ఎదురుగా కూర్చోబెట్టకు. "నిన్నే చదివావు కదరా, చెప్పు నాన్నా" అని మొదలుపెడుతుంది, పాపం ఆమె ఆత్రం ఆమెది. విడిచి ఉండలేని చిన్నపిల్లలైతే, తల్లి కుర్చీ పిల్లవాడి వెనక వెయ్యి.

ఇప్పుడు ఎంత వయసు అన్నదాని కంటే, ఎంత వయసులో మొదలైంది అన్నది ముఖ్యం. పసితనంలో దెబ్బ తగిలితే మెదడు సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. 1930లలో మార్గరెట్ కెనార్డ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన పనితో ఆ నమ్మకం బలపడింది. తర్వాత డోనాల్డ్ హెబ్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎదురు ఉదాహరణలు చూపించారు. చిన్నప్పుడే మెదడు ముందు భాగం దెబ్బతింటే ఒక్కోసారి పెద్దవాళ్ళ కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. నేను చూసిందీ అదే. ఒకటో తరగతిలో చలాకీగా ఉన్న పిల్ల ఏడో తరగతికొచ్చేసరికి, ఆరుగురు టీచర్లు, ఆరు నోట్సులు, ఇంటిపని తనే సర్దుకోవాల్సి వచ్చినప్పుడు చతికిలపడుతుంది. ఏదో కొత్తగా చెడిపోయిందని కాదు. ఆ పని మెదడు నుంచి అడగడం అప్పుడే మొదలైంది. అందుకే నువ్వు ఏడాదికోసారి మళ్ళీ చూస్తానన్నది నాకు బాగా నచ్చింది. మధ్యలో నిధులు చాలవని ఎవరైనా ఆ భాగం తగ్గించమంటే పిల్లల సంఖ్య తగ్గించుకో, మళ్ళీ చూడటం మాత్రం వదులుకోకు.

అనుమతుల విషయంలో తొందరపడకు. 7 ఏళ్ళు దాటిన పిల్లవాడి ఒప్పుకోలు కూడా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తండ్రి సంతకం పెట్టినా, పిల్లవాడు "నాకొద్దు" అంటే ఆ రోజుకు టెస్టు పెట్టె మూసెయ్యి. నీ దగ్గర 17 ఏళ్ళకు చేరిన అమ్మాయికి మధ్యలో 18 నిండితే, మళ్ళీ ఆమె సంతకమే తీసుకోవాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016, ఆరో సెక్షన్ కూడా చదువు. వికలాంగుల మీద పరిశోధనకు వాళ్ళ స్వేచ్ఛాపూర్వక అనుమతితో పాటు ఒక కమిటీ ముందస్తు అనుమతి కావాలి, ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో వాళ్ళ రిజిస్టర్డ్ సంస్థల సభ్యులో ఉండాలి. ఎథిక్స్ కమిటీ కాగితం వచ్చేసింది కదా అని చాలామంది ఇది చూడరు.

ఇంకోటి, మన ఊళ్ళలో ఇలాంటి టెస్టు అనగానే తల్లిదండ్రుల మనసులో మెదిలేది సదరం సర్టిఫికెట్. నీ టెస్టులో తక్కువ వస్తే పెన్షన్ వస్తుందేమోనని కొందరు, ఎక్కువ వస్తే ఉన్నది పోతుందేమోనని కొందరు టెన్షన్ పడతారు. ఆ భయంతో పిల్లవాణ్ణి సరిగ్గా చెప్పనివ్వరు కూడా. మొదటి రోజే, సంతకానికి ముందే, "దీనికీ సదరానికీ సంబంధం లేదండీ, ఇది ఎవరికీ పంపను" అని తెలుగులో స్పష్టంగా చెప్పు. చెప్పి, ఆ మాట నిలబెట్టుకో.

కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు మేనరికం ప్రశ్న తప్పదు. "మీది మేనరికమా?" అని పెళ్ళి సంగతితో మొదలుపెడితే, అప్పటికే అత్తింట్లో నిందలు మోస్తున్న ఆ తల్లి ముడుచుకుపోతుంది. ముందు పిల్లవాడి తాత ముత్తాతల పేర్లు అడుగుతూ వంశవృక్షం గీయి. గీస్తుంటే చుట్టరికం దానంతటదే బయటపడుతుంది. వీలైతే భార్యాభర్తలు ఇద్దరూ ఉన్నప్పుడు అడుగు, అప్పుడు "నీ వల్లే" అన్న మాటకు అక్కడికక్కడే నువ్వు జవాబు చెప్పొచ్చు.

లెక్కల గురించి నీకే నాకంటే ఎక్కువ తెలుసు. ఒక్కటే అడుగుతాను. 40 మందిని పెట్టుకుని 25 స్కోర్లు పోలుస్తూ పోతే, ఏదో ఒకటి ఊరికే తేడాగా తగులుతుంది. ఏ రెండు మూడు ప్రశ్నలకు జవాబు కావాలో ముందే రాసి, తేదీ వేసి, గైడ్ చేత సంతకం పెట్టించుకో.

2018లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, హైదరాబాద్‌తో కలిపి దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్ని చూస్తే, దాదాపు ప్రతి 8 మందిలో ఒకరికి మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య కనిపించింది. అంతమంది పిల్లలున్న చోట, తెలుగులో సరిగ్గా కొలిచే సాధనాలు ఎన్ని ఉన్నాయో నువ్వే వెతికి చూడు. నీ థీసిస్ లైబ్రరీకి వెళ్తుంది సరే, ప్రతి పిల్లవాడి ఇంటికీ తెలుగులో ఒక పేజీ వెళ్ళాలి. ఏం బాగా చేశాడో ముందు, ఏది కష్టమైందో తర్వాత, బడిలో టీచరు ఏం చెయ్యొచ్చో చివర. నంబర్లు వెయ్యకు. ఆ పేజీ రాయడానికి ఒక్కో పిల్లవాడికి గంట పడుతుందని నీ టైమ్‌టేబుల్లో ఇప్పుడే చేర్చుకో.

వచ్చే ఆదివారం టెస్టు పెట్టె, స్టాప్‌వాచ్ తీసుకుని ఇంటికి రా. పక్కింటి వాళ్ళ పాప నాలుగో తరగతి, వాళ్ళమ్మను అడిగాను, సరే అంది. ముందు నా మీద చెయ్యి, తర్వాత ఆ పాప మీద. నేను వెనక కూర్చుని చూస్తాను. పెన్సిళ్ళు నా దగ్గరున్నాయి, తేనక్కర్లేదు. పెసరట్టు వేస్తాను, తిని మొదలుపెడదాం.

ఇట్లు,
అత్త