సర్వే ఫారంలో అమ్మానాన్నల ఇంగ్లిష్‌కి ఏ గడి టిక్ పెట్టాలి?

సెన్సస్ బ్యూరో (అమెరికా జనాభా లెక్కల శాఖ) జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఫారం వచ్చిందనీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇంగ్లిష్ "చాలా బాగా" వచ్చని పెట్టకపోతే వీసాకి ఇబ్బందేమోననీ అడిగారు. వీసాకీ దీనికీ సంబంధం లేదు. సెన్సస్ బ్యూరో మనిషి వివరాలు వేరే శాఖలకు ఇవ్వకూడదని టైటిల్ 13 చట్టం ఉంది.

ముందు వాళ్లను అసలు రాయాలో లేదో చూసుకోండి. మీ ఇంట్లో రెండు నెలలకు మించి ఉంటుంటే రాయాల్సిందే, విజిటర్ వీసా అయినా సరే. నెల్లాళ్లుండి వెళ్లిపోయేవాళ్లయితే అక్కర్లేదు.

భాష ప్రశ్నలు ఐదేళ్లు నిండినవాళ్లకే. ఇంట్లో ఇంగ్లిష్ కాక వేరే భాష మాట్లాడతారా, ఏ భాష, ఇంగ్లిష్ ఎంత బాగా మాట్లాడతారు? ఆఖరిదానికి నాలుగు గడులు: చాలా బాగా, బాగా, అంతంతమాత్రం, అసలు రాదు. మెలిక ఏంటంటే, "బాగా" అని పెట్టినవాళ్లను కూడా ఇంగ్లిష్ అంతగా రానివాళ్ల లెక్కలోనే వేస్తారు.

ఇక్కడే పరువు అడ్డొస్తుంది. మా నాన్న హైస్కూల్లో ఇంగ్లిష్ గ్రామర్ చెప్పి రిటైరైన మనిషి. "వెరీ వెల్ పెట్టరా, ఇంకేం పెడతావ్!" అన్నారు. ఫారం అడిగేది చదువు సంగతి కాదు, మాట సంగతి. ఫార్మసీలో ఆయన "డబుల్ సెవెన్, ట్రిపుల్ ఫోర్" అని ఫోన్ నంబర్ చెబుతుంటే కౌంటర్లో అమ్మాయి కీబోర్డు మీద చేతులాపి నా వైపు చూసింది. పుట్టినరోజు అడిగితే తేదీ ముందు, నెల తర్వాత చెప్పారు, రికార్డు దొరకలేదు. "బాగా" అనే పెట్టాను. అమ్మకి పట్టింపే లేదు. "నాకు రాదని రాసెయ్, ఎవరూ ఫోన్లు చెయ్యకుండా ఉంటారు" అంది.

ఉన్నదున్నట్టు రాస్తేనే ఉపయోగం. పదేళ్లకోసారి తీసే జనాభా లెక్కల్లో ఇప్పుడు భాష అడగట్లేదు. ఏ కౌంటీలో ఏ భాషవాళ్లు ఎందరో తెలిసేది ఈ సర్వేతోనే. న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీ బ్యాలెట్ వచ్చింది ఈ లెక్కల పుణ్యమే. అయితే బ్యాలెట్ల లెక్కకి ఓటు వయసున్న సిటిజన్లనే చూస్తారు, మీ అమ్మానాన్నలు అందులోకి రారు. ఆసుపత్రి మాట వేరు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రి వీసా అడక్కుండా దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. తెలుగు కావాలని అడగండి, ఫోన్లోనైనా కలుపుతారు.

భాష గడిలో "ఇండియన్" అని రాయకండి, "తెలుగు" అని రాయండి. 2016 నుంచి వివరమైన పట్టికల్లో మనకు సొంత వరస ఉంది. పాపం కన్నడం, మలయాళం ఇంకా ఒకే వరసలో సర్దుకుంటున్నాయి.

పిల్లల సంగతీ అడిగారు. మీరు తెలుగులో మాట్లాడితే చాలదు, వాళ్లు మాట్లాడాలి. అప్పుడప్పుడైనా సరే "అవును" అనే పెట్టొచ్చు, నాలుగు ముక్కలకే పరిమితమైతే "కాదు". మా చిన్నది తాతతో తెలుగులోనే పోట్లాడుతుంది కాబట్టి దానికి "అవును". పెద్దవాడికి వచ్చిన తెలుగల్లా పప్పు, పెరుగు, చాలు. వాడికి "కాదు" అనే పెట్టాను.