డ్రిప్ తడి పైనుంచి చూస్తే తెలియదు, తవ్వాల్సిందే

చుక్కచుక్కగా నీళ్లు వదిలే డ్రిప్పర్ కింద జానెడు తడే కనిపిస్తోంది, ఇంకో రెండు గంటలు మోటారు వేయాలా అని అడిగారు. వేయకండి. ముందు తవ్వి చూడండి. పైతడిని చూసి లెక్క వేయడం కన్నా అసలు లెక్క వేయకపోవడమే నయం.

మా బావమరిదిది ఎర్ర ఇసుక నేల, నిమ్మ తోట. ఆకులు పసుపు తిరిగాయి. నీళ్లు చాలట్లేదని తేల్చేసి రోజూ కాస్త టైము పెంచుకుంటూ పోయాడు. "ఎక్కువైతే పైన నిలబడాలి కదా బావా, చుక్క కూడా నిలవట్లేదు" అనేవాడు. ఇసుక నేలలో నిలబడదు, చిక్కంతా అక్కడే.

ఒకరోజు మోటారు ఆపగానే, చుక్క పడే చోటును ఆనుకుని గడ్డపారతో గుంత తీసి ఒక గోడ నిలువుగా చెక్కాం. తడి మట్టి ముదురుగా, పొడి మట్టి లేతగా ఉంది, మధ్యలో అంచు గీత గీసినట్టు కనిపించింది. అంచుకి ఇటు మట్టి పిడికిట్లో ముద్ద కడుతోంది, అటు అంగుళం జరిగితే వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. పైన జానెడున్న తడి అడుగు లోతులో మూరెడైంది. ఆ కింద ఇంక పక్కలకు పోలేదు, ముల్లంగిలా నిటారుగా దిగింది. నడుము లోతు తీసినా తడి చివర దొరకలేదు. తెల్లటి పీచు వేర్లు మాత్రం మోకాలి లోతు దాటలేదు. అంటే పెంచిన టైమంతా వేర్లు లేని చోటికే పోయింది, పోతూ పోతూ యూరియాని కూడా పట్టుకుపోయింది. పసుపు దానివల్లే అని నా గట్టి నమ్మకం. జింకు లోపం అన్నవాళ్లూ ఉన్నారు, అననివ్వండి.

నీటిని పక్కలకు లాగేది మట్టిలోని సన్నటి సందులు. ఇసుకలో సందులు పెద్దవి కాబట్టి ఆ లాగుడు తక్కువ, నీళ్లు తమ బరువుతో కిందికే పోతాయి. నల్లరేగడిలో అవే నీళ్లు అడ్డంగా పరుచుకుని నెమ్మదిగా దిగుతాయి. కాకపోతే రేగడి ఎండి నెర్రెలిస్తే కథ మారిపోతుంది, డ్రిప్పర్ పక్కన నెర్రె ఉంటే నీళ్లన్నీ నేరుగా అందులోకే. ఇంకో విచిత్రం, మెత్తటి మట్టి కింద గులక ఇసుక పొర ఉంటే నీళ్లు గబుక్కున దిగిపోతాయనుకుంటారు. దిగవు. పై మట్టి బాగా నానేదాకా తడి ఆ పొర దగ్గరే ఆగి పక్కలకు పాకుతుంది.

ఇవేవీ డ్రిప్ బిగించేవాళ్లు అడగరు. ఇసుకైనా రేగడైనా అదే పైపు, అదే దూరం, అదే గంటకు 4 లీటర్ల డ్రిప్పర్. బిల్లు మీద సంతకం పెట్టాక ఫోన్ కూడా ఎత్తరు.

మీది ఇసుక నేలైతే టైము పెంచకుండా చెట్టుకు అవతలి వైపు ఇంకో డ్రిప్పర్ పెట్టండి, ఒకేసారి ఇచ్చే నీళ్లు రెండు దఫాలు చేయండి. యూరియా మొదట్లో వదలకండి, నీరు పెట్టడం ముగిసే ముందు వదిలి, పైపు కడిగేంత మంచినీళ్లు పోతే చాలు. మేమదే చేశాం, కొత్త చిగురు పచ్చగా వచ్చింది. ఇవన్నీ చేసేముందు మొదటి డ్రిప్పర్ కింద, చివరి డ్రిప్పర్ కింద గ్లాసులు పెట్టి చూడండి. ఫిల్టర్ కడగని తోటల్లో చివరి గ్లాసు అడుగు కూడా తడవదు, నేలను తిట్టి లాభం లేదు.

మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఒక జాగ్రత్త. ఉప్పు తడి అంచుకు చేరుతుంది, నేల మీద తెల్లటి వలయం అదే. చిన్న జల్లు పడగానే హమ్మయ్య అని అందరూ మోటారు కట్టేస్తారు. ఆ కాస్త వాన అంచున ఉన్న ఉప్పును తెచ్చి వేర్లలో పోస్తుంది. కుండపోత అయితే కట్టేయండి, తుంపరకి మాత్రం డ్రిప్ నడవనివ్వండి.