పాటల సీడీ ప్రొటెక్షన్ తీసేశాక డ్రైవ్ మాయం: సమాధానం

మీ విండోస్ ఎక్స్‌పీలో పాటల సీడీ వేసిన కాపీ ప్రొటెక్షన్ సాఫ్ట్‌వేర్ (సీడీని కాపీ చేయనివ్వకుండా అడ్డుకునేది) ఫైళ్లు డిలీట్ చేశాక సీడీ డ్రైవ్ కనబడట్లేదు, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 39 వస్తోంది అన్నారు కదా. టెన్షన్ వద్దండీ, డ్రైవ్ పాడవలేదు. కొత్తది కొనకండి (నేను ఒకసారి కొనేశాను, దానికీ అదే కోడ్!).

ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌కీ డ్రైవ్‌కీ మధ్య ఒక ఫిల్టర్ డ్రైవర్ (మధ్యలో కూర్చునే చిన్న ప్రోగ్రామ్) పెడుతుంది. ఆ ఫైల్ పోయినా రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) దాని పేరు అలాగే ఉంటుంది. విండోస్ ఆ పేరు కోసం వెతికి, దొరక్క డ్రైవ్‌నే ఆపేస్తుంది. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీల్లోని ఎక్స్‌సీపీ అనే కాపీ ప్రొటెక్షన్ సాఫ్ట్‌వేర్‌తో జరిగింది ఇదే.

ముందు రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి) పెట్టుకోండి. రెజ్‌ఎడిట్‌లో (రిజిస్ట్రీని మార్చే ప్రోగ్రామ్) హెచ్‌కీ లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ వరుసగా తెరిచి, కుడివైపు క్లాస్ విలువ సీడీరామ్ అని ఉన్న కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) పట్టుకోండి. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి (కాపీ దాచుకుని), అందులోని అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే విలువలు రెండూ తీసేయండి. కీని మాత్రం డిలీట్ చేయొద్దు. రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ వచ్చేయాలి. సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి.

అక్కడ ఆ రెండూ లేకపోతే కరెంట్‌కంట్రోల్‌సెట్‌లోనే ఎనమ్ అనే కీ కింద మీ డ్రైవ్ కీలో ఉండొచ్చు. దాన్ని మార్చడానికి పర్మిషన్ల గొడవ ఉంది, అలా అయితే నాకు చెప్పండి.