స్పెయిన్‌లో ఒక సెమిస్టర్‌కి ఇంగ్లీషు సరిపోతుందా?

వచ్చే సెప్టెంబరులో ఒక సెమిస్టర్ స్పెయిన్‌లో చదివే అవకాశం వచ్చిందనీ, స్పానిష్ అంతంత మాత్రమేననీ, ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చా అనీ అడిగారు.

నెట్టుకురావచ్చు. కానీ నెట్టుకురావడానికి అంత దూరం ఎందుకు వెళ్ళాలి?

నేను జర్మనీలో సివిల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చేస్తూ, ఎరాస్మస్ (యూరప్ యూనివర్సిటీల మధ్య విద్యార్థుల మార్పిడి పథకం) కింద 2022 సెప్టెంబరు నుంచి 2023 జనవరి చివరి దాకా గ్రనాడా యూనివర్సిటీలో చదివాను. అంతకుముందు జర్మనీలో ఏడాదిన్నర ఉన్నాను, జర్మన్ మాత్రం రాలేదు. ఐదుగురం తెలుగువాళ్ళం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. లేస్తే తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, రాత్రికి పప్పు, అన్నం, చారు. బయటి దేశం వెళ్ళే పిల్లలు వాట్సాప్ గ్రూపులో వేసే మొదటి ప్రశ్న "అక్కడ మనవాళ్ళున్నారా, రూమ్ షేరింగ్ దొరుకుతుందా" అనే. ఆ భయం నాకు తెలుసు, నేనూ అలాగే అడిగాను. రెండేళ్ళ చదువుకైతే అది తప్పు కూడా కాదు, డబ్బు కలిసొస్తుంది. ఐదు నెలలకు మాత్రం దయచేసి అలా చేయకండి. గ్రనాడాలో మొదటి మూడు వారాలు ఇద్దరు ఇండియన్ అబ్బాయిలతో ఉన్నాను. ఆ మూడు వారాల్లో నేను కొత్తగా నేర్చుకున్న స్పానిష్ మాట ఒక్కటి కూడా లేదు.

తర్వాత ఫ్యాకల్టీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన ఒక కాగితం చూసి, సైదీన్ అనే పేటలో ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ఆవిడకి డెబ్బై దాటాయి, భర్త లేరు, పిల్లలు మాడ్రిడ్‌లో ఉంటారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నా సెమిస్టర్ నిజానికి ఆ రోజు మొదలైంది.

నావి ఐదు సబ్జెక్టులు, ఒక్కోటి ఆరు క్రెడిట్లు. రెండు ఇంగ్లీషులో, మూడు స్పానిష్‌లో. జర్మనీలో రెండు టర్ములు స్పానిష్ కోర్సు చేసి వెళ్ళినా మొదటి క్లాసులో నాకేమీ అర్థం కాలేదు. అండలూసియా, అంటే గ్రనాడా ఉన్న దక్షిణ స్పెయిన్ ప్రాంతం, అక్కడివాళ్ళు మాట చివర 'స్' పలకరు. 'గ్రాసియాస్' అక్కడ 'గ్రాసియా' అవుతుంది. మరి బహువచనం ఎలా తెలుస్తుంది? గ్రనాడాలో ఆ చివరి అచ్చు విప్పారుతుంది. ఇల్లు 'కాసా'. ఇళ్ళు అన్నప్పుడు చివరి 'ఆ', మనం 'మేక' అనేటప్పుడు 'మే'లో పలికే శబ్దం వైపు జరుగుతుంది. అది పట్టుకోవడానికి నాకు నెల పట్టింది. పట్టుకున్నాక నాకు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మాటలన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తున్నాయి!

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా నేర్చుకోండి. ఇంగ్లీషు పుస్తకాల్లో 'మే గుస్తా' అనే దానికి పేజీలకు పేజీలు వివరణ ఉంటుంది. మనకు వివరణ అక్కర్లేదు, 'నాకు నచ్చింది' అన్నట్టే. 'మే దువేలె లా కాబేసా' అంటే 'నాకు తల నొప్పిగా ఉంది'. 'వెళ్తాను' అంటే చాలు, 'నేను' అని వేరే చెప్పక్కర్లేదు కదా? అక్కడా అంతే, 'బోయ్' అంటే సరిపోతుంది. త, ద మన త, ద లాగే ఉంటాయి. 'ఉస్తెద్' అంటే మీరు, 'తూ' అంటే నువ్వు. స్పెయిన్‌లో కుర్రాళ్ళు ప్రొఫెసర్లను కూడా 'తూ' అనే అంటారు. మా ఇంటావిడ కూడా అలాగే పిలవమని పట్టుబట్టింది, నాకు మాత్రం చివరిదాకా నోరు రాలేదు. తెలుగువాడికి స్పానిష్ ఇంగ్లీషు కంటే దగ్గర అని నేను ఎవరితోనైనా వాదిస్తాను. మన దగ్గర కోచింగ్ సెంటర్లు ఈ భాషలన్నీ ఇంగ్లీషు వ్యాకరణం పెట్టి చెప్పడం చూస్తే బాధేస్తుంది. పిల్లలు ఒకే బరువు రెండుసార్లు మోస్తున్నారు.

డిసెంబరు రెండో వారం, ఆదివారం. పొద్దున్నించీ వాన. అక్కడ వాన పడితే 'మీగాస్' చేస్తారు. మనం వానకి పకోడీలు వేసుకున్నట్టే. ఊరిని బట్టి పాత రొట్టెతో చేస్తారు, గోధుమ రవ్వతో కూడా చేస్తారు. మా ఇంటావిడది రవ్వ పద్ధతి. లోతైన ఇనప మూకుడులో ఆలివ్ నూనె పోసి, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు, ఎండు మిరపకాయలు వేయించి పక్కన పెట్టింది. మిరపకాయలంటే మనవి కావు, కారం లేని పెద్దవి. నీళ్ళు పోసి, ఉప్పేసి, మరిగాక రవ్వ పోసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అది ఉప్మా! బొంబాయి రవ్వ ఉప్మా, పోపు దినుసులు లేకుండా.

అలా అనుకుంటూ ఉండగానే అట్లకాడ నా చేతికిచ్చి, తన భుజం నొప్పిగా ఉంది, కలపమంది. ఉప్మా అయితే ఐదు నిమిషాల్లో దించేస్తాం. మీగాస్‌ని ముద్దగా వదలకూడదు. అడుగు నుంచి తిరగేస్తూ, ముద్దల్ని అట్లకాడ అంచుతో కొడుతూ, పొడిపొడిగా విడిపోయేదాకా కలపాలి. నలభై నిమిషాలు కలిపాను. ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెబుతూనే ఉంది. తిప్పు, అడుగు నుంచి తిప్పు, ఆపకు, 'పారా కే నో సే పేగే'.

'పారా కే నో సే పేగే' అంటే అంటుకోకుండా ఉండేందుకు. అందులో క్రియ మామూలు రూపంలో ఉండదు, ఇంకా జరగని పనికి వాడే రూపంలో ఉంటుంది. జర్మనీలో ఆ పాఠం మీద ఆరు వారాలు కూర్చున్నాను, పట్టికలన్నీ బట్టీ పట్టాను. మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి కూడా నోటికి రాలేదు. ఆ నలభై నిమిషాల్లో ఆ మాట ఇరవైసార్లు విని ఉంటాను. చేతిలో పని ఉంది, ముక్కుకి వాసన తగులుతోంది, ఆపితే నిజంగానే అంటుకుంటోంది. నేను ఒక్క క్షణం చెయ్యి ఆపి, మంట తగ్గించనా, మాడకుండా, అన్నాను. ఆ రూపం దానంతట అదే సరిగ్గా పడింది. ఆవిడకి అదేం విశేషం కాదు, "తగ్గించు ఇహో" అంది. 'ఇహో' అంటే కొడుకు, మనం నాయనా అన్నట్టు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తినేటప్పుడు ఇద్దరం 'మేసా కమీయా' దగ్గర కూర్చున్నాం. గుండ్రటి బల్ల, నేల దాకా వేలాడే మందపాటి గుడ్డ, లోపల కింద కరెంటు కుంపటి. ఒకప్పుడు నిజంగా బొగ్గుల కుంపటే పెట్టేవారట. గుడ్డ మోకాళ్ళ మీదికి లాక్కుని కూర్చుంటే కాళ్ళకి వెచ్చగా ఉంటుంది. మీగాస్‌లో సార్డిన్ చేపలు, ముల్లంగి, వేయించిన మిరపకాయలు, వాటితో పాటు నారింజ తొనలు పెట్టింది. దీన్నేమంటారని అడిగితే 'నరాన్హా' అంది. మేం 'నారింజ' అంటామని చెప్పాను. ఆవిడ నమ్మలేదు, మూడుసార్లు పలికించుకుంది. మన దేశం నుంచి పారశీకం, అక్కణ్ణించి అరబ్బీ, అరబ్బుల వెంట స్పెయిన్, అలా వెళ్ళిన మాట అది. అక్కడ పళ్ళు ఒలుస్తూ ఆ మాట విన్న సంతోషం వేరు.

జనవరిలో ఒక సెమినార్ ఉంది. గ్రనాడా పక్కనున్న సియెర్రా నెవాదా కొండల్లో, మూరుల (మధ్యయుగంలో స్పెయిన్‌ని ఏలిన ముస్లింల) కాలం నుంచీ ఉన్న పంట కాలువల మీద. కరిగిన మంచు నీటిని కావాలనే వాలు మీద వదిలేసే కాలువలు కొన్ని ఉన్నాయి. నీళ్ళలా వృథాగా ఎందుకు వదులుతున్నారని ప్రొఫెసర్ అడిగారు. నీళ్ళు భూమిలోకి ఇంకి, వేసవిలో కింద ఊళ్ళ ఊటల్లో బయటికి వచ్చేందుకు అని చెప్పాను. 'పారా కే సాల్గా' అని అప్రయత్నంగా వచ్చేసింది. పదికి ఏడున్నర వచ్చింది. అక్కడ ఐదు వస్తే పాస్.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సినవి కొన్ని. గ్రనాడా అంటే ఎండ అనుకుని వెళ్ళకండి. ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, పక్కనే 3,479 మీటర్ల ముల్హాసెన్ శిఖరం. చలికాలం జర్మనీలో కంటే అక్కడే ఎక్కువ వణికాను, ఎందుకంటే అక్కడి పాత ఇళ్ళల్లో చాలావాటికి హీటింగ్ ఉండదు. గది ఒప్పుకునే ముందు ఆ మాట తప్పక అడగండి. నేను ముందు ఆన్‌లైన్‌లో బుక్ చేసిన గది ఫొటోల్లో హీటర్ ఉంది, వెళ్ళాక లేదు, అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. ఎవరికీ గది చూడకుండా డబ్బు పంపకండి. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు ప్రతిదానికీ యూనివర్సిటీ సైట్‌లో సిలబస్ పత్రం ఉంటుంది, మార్కులు ఎలా వేస్తారో అందులోనే రాసి ఉంటుంది. నోటి పరీక్ష ఉన్న సబ్జెక్టు కనీసం ఒకటి తీసుకోండి. సాయంత్రం మందు అలవాటు లేకపోతే 'మోస్తో' అడగండి, ద్రాక్షరసం. గ్రనాడాలో చాలా చోట్ల దానికీ ఉచితంగా తినడానికి ఒక ప్లేటు ఇస్తారు. పంది మాంసం తినకపోతే ముందే చెప్పండి, శాకాహారమన్నా పప్పులో ఒక ముక్క వేసేస్తారు.

వచ్చేముందు ఆవిడకి ఉప్మా చేసి పెట్టాను. కరివేపాకు దొరకలేదు, ఆవాలు మొరాకో వాళ్ళ కొట్లో దొరికాయి. బాగానే ఉంది గానీ ఇంకో అరగంట కలపాల్సింది అంది. ఇప్పటికీ అక్కడ వాన పడితే వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఆ 'స్' లేని మాటలు నాకిప్పుడు ఒక్కసారి వింటే చాలు, అర్థమవుతాయి.