కరెంటు పోతే అందరికీ గుర్తొచ్చే ఉద్యోగం

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఒక సంస్థలో ఫెసిలిటీ ఎగ్జిక్యూటివ్‌గా అవకాశం వచ్చింది. చీపుర్లు, తాళాలు లెక్కపెట్టే పనికి ఇంత చదువు ఎందుకని బంధువులు అంటున్నారు. చేరమనమంటారా? – ఒక తల్లి

జవాబు: చీపుర్ల లెక్క కూడా ఆ పనిలో ఉందమ్మా, దాచడం ఎందుకు? భవనాన్నీ అందులోని సేవలనూ సవ్యంగా నడపడమే ఈ ఉద్యోగం. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ ఒకవైపు. విద్యుత్తు, ఏసీ, లిఫ్టులు, నీళ్లు, అగ్నిమాపక ఏర్పాట్లు మరోవైపు. ఇవన్నీ సవ్యంగా నడుస్తున్నంత కాలం ఆ మనిషి ఒకడున్నాడని ఎవరికీ తెలియదు. మెప్పు కోసం ఆరాటపడే పిల్లలకు ఈ ఉద్యోగం సరిపడదని మొదటే చెబుతాను.

బంధువులకు కనబడని భాగం ఒకటుంది. ఖర్చు తగ్గించాలని యాజమాన్యం ఆదేశించిందనుకోండి. కరెంటు పోయాక జనరేటర్ అందుకునేదాకా ఆదుకునే యూపీఎస్ బ్యాటరీల గదిలో మనుషులెవరూ ఉండరు కాబట్టి అక్కడి ఏసీ ఆపేద్దామని ఎవరికైనా తోస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి అనువుగా ఉంటుంది. అక్కడి నుంచి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. కరెంటు బిల్లులో మిగిలింది కొత్త బ్యాటరీలకు సరిపోదు. అంతకు ముందే ఏదో ఒకరోజు కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోగా సర్వర్లు ఆగిపోవచ్చు. ‘ఆ ఏసీ ఆపవద్దు, ఆదా కావాలంటే ఫలానా చోట చేద్దాం’ అని లెక్క వేసి చూపించగలవాడే ఫెసిలిటీ మేనేజరు. మీ అబ్బాయి చదువు అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే.

చిన్న ఫిర్యాదులోనూ మనిషి పనితనం బయటపడుతుంది. ఒక మూల కూర్చున్నవాళ్లు చలికి వణుకుతున్నామంటారు. అనుభవం లేనివాడు ఏసీ తగ్గించి వెళ్లిపోతాడు, గంటలో ఇంకో మూల నుంచి ఉక్కపోస్తోందని ఫోను వస్తుంది. తెలిసినవాడు ముందు థర్మోస్టాట్, అంటే గది వేడిని చూసి ఏసీని నడిపే పరికరం, ఎక్కడుందో వెతుకుతాడు. దాని కిందే ఎవరో ప్రింటర్ పెట్టి ఉంటారు, ఆ వేడికి గదంతా వేడిగా ఉందని అది భ్రమపడుతూ ఉంటుంది! ప్రింటర్‌ను పక్కకు జరిపితే సమస్య తీరుతుంది.

ఈ ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ రంగానికి ఐఎస్ఓ 41001 పేరుతో 2018లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. సంస్థ అసలు పనికి ఏం కావాలో తెలుసుకుని, దానికి తగ్గట్టు భవనాన్నీ సేవలనూ నడపడమే దాని సారాంశం. ఆసుపత్రికి ఒక క్షణం కూడా కరెంటు పోకూడని గదులు ఉంటాయి, గిడ్డంగికి లోడింగ్ ద్వారం దగ్గర అడ్డులేని దారి ముఖ్యం. అందుకే ఒకచోట పనికొచ్చిన పద్ధతిని ఇంకోచోట గుడ్డిగా అతికించలేం.

సర్టిఫికెట్ల విషయానికి వస్తే, ఇఫ్మా అనే అంతర్జాతీయ సంఘం ఇచ్చే ఎఫ్‌ఎంపీ (ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) కొత్తవాళ్లకు అందుబాటులో ఉంటుంది. సీఎఫ్ఎం (సర్టిఫైడ్ ఫెసిలిటీ మేనేజర్) అనుభవం వచ్చాక రాయాల్సిన పరీక్ష. వీటికి ఇప్పుడే తొందర లేదు. మొదటి ఏడాది పంపు గదిలో, కరెంటు ప్యానెల్ గదిలో టెక్నీషియన్ల పక్కన నిలబడి నేర్చుకున్నది ఏ కోర్సూ నేర్పదు. ఆ తర్వాత బడ్జెట్టు, కాంట్రాక్టు ఒప్పందాలు చదవడం రావాలి. ఇంజినీర్లు చాలామంది అక్కడే తడబడతారు. ఇంకో మాట: రాత్రివేళ ఫోన్లు తప్పవు, పండగ సెలవుల్లోనే పెద్ద మరమ్మతులు పెట్టుకుంటారు. ఇంట్లో మీరు కూడా దీనికి సిద్ధపడాలి.

చేరే ముందు అబ్బాయిని ఒక్క సంగతి అడిగి తెలుసుకోమనండి: నిర్వహణ ప్రణాళిక, ఖర్చుల లెక్కలు తనకు చూపిస్తారా, లేక హాజరు పట్టీ, ఫిర్యాదుల పుస్తకం మాత్రమే చేతికిస్తారా? రెండోదైతే ఏడాది చేసి వేరేచోట చూసుకోవచ్చు. మొదటిదైతే, జీతం కాస్త తక్కువైనా, నేను చేరమనే అంటాను.