స్టార్వ్‌డ్ రాక్‌లో జలపాతాలు కనిపించలేదా?

షికాగో నుంచి స్టార్వ్‌డ్ రాక్ పార్కుకు వెళ్తే జలపాతాలు కనిపించలేదని, దారి తప్పామేమోనని అడిగారు. ఆగస్టు ఎండల్లో వెళ్లారు కదా, నీళ్లు లేకపోవడానికి కారణం అదే. మీరు దారి తప్పలేదు. ఇల్లినాయ్‌లోని ఈ పార్కులో 18 ఇసుకరాతి లోయలున్నా, వాటిలో జలపాతాలు ఎక్కువగా వాన నీటితో, మంచు కరిగిన నీటితోనే పారతాయి. ఎండలు ముదిరితే తడిసిన గోడలే మిగులుతాయి.

ఈసారి ఇలా చేయండి:

1. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లండి. వేసవిలో అయితే గట్టి వాన పడిన మర్నాడే బయలుదేరండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బయలుదేరే ముందు షికాగో వాతావరణం కాదు, యూటికా ఊళ్లో గత రెండు మూడు రోజుల్లో వాన పడిందో లేదో చూడండి. పార్కు అక్కడికి దగ్గర. మీ ఇంటి దగ్గర కుండపోత కురిసినా అక్కడ చినుకు పడకపోవచ్చు.

3. ముందు సెయింట్ లూయిస్ లోయకు వెళ్లండి. మిగతావి ఎండినా అక్కడ సన్నటి ధారైనా దొరికే అవకాశం ఎక్కువ. దానికి వేరే పార్కింగ్ ఉంది, పిల్లలతో వెళ్తే అక్కడే ఆపండి. విజిటర్ సెంటర్ నుంచి నడిస్తే దూరం.

4. వారాంతమైతే పొద్దున్నే చేరుకోండి, పార్కింగ్ నిండిపోతుంది.

రాయి తడిస్తే బాగా జారుతుంది. దయచేసి పిల్లల్ని కాలిబాట దాటనివ్వకండి.