బంగాళాఖాతంలో పరిశోధన నౌక మీది నుంచి సముద్ర జీవులను ఎలా లెక్కిస్తారు?

సముద్రశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్న మీకు వచ్చే ఫిబ్రవరిలో బంగాళాఖాతం సర్వేకు వెళ్లే పరిశోధన నౌకలో చోటు దొరికిందని రాశారు. అంత పెద్ద సముద్రంలో ఒక్క ఓడ మీద నిలబడి తిమింగలాలను, డాల్ఫిన్లను ఎలా లెక్కిస్తారనీ, అదే ఓడలో నీటిని కూడా ఎందుకు కొలుస్తారనీ, బయలుదేరే ముందు ఏం నేర్చుకోవాలనీ అడిగారు. ఈ తీరంలో ఇలాంటి సర్వేల్లో పరిశీలకుల బృందంలోనూ, నీటి నమూనాల బృందంలోనూ పనిచేశాను కాబట్టి నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

సముద్రంలోని జీవులన్నిటినీ లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, అందుకు ఎవరూ పూనుకోరు కూడా. ముందే గీసుకున్న సరళరేఖల మీద ఓడ సుమారు 10 నాట్ల వేగంతో, అంటే గంటకు 18 కిలోమీటర్లకు కాస్త పైగా, సాగిపోతుంది. జీవులు ఎక్కువగా ఉంటాయని తెలిసిన చోట్లకే వెళ్తే లెక్క ఉబ్బిపోతుంది కాబట్టి, తీరం దగ్గరి లోతు తక్కువ నీటి నుంచి వేల మీటర్ల లోతున్న నీటి దాకా అన్నిటినీ దాటుకుంటూ పోయేలా ఆ రేఖలను నిర్ణయిస్తారు. ఓడ పైడెక్కు మీద ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు చూస్తుంటారు, మూడో మనిషి నమోదు చేస్తుంటారు. కళ్లు అలసిపోకుండా అరగంటకో నలభై నిమిషాలకో స్థానాలు మార్చుకుంటారు.

జంతువు కనిపించగానే రెండు కొలతలు తీసుకోవాలి. ఓడ ముందుకు చూస్తున్న దిశకు అది ఎన్ని డిగ్రీల పక్కన ఉందన్నది మొదటిది, ఎంత దూరంలో ఉందన్నది రెండోది. దూరానికి బైనాక్యులర్ లోపల చెక్కిన సన్నని గీతలు ఆధారం. పై గీతను నీరూ ఆకాశమూ కలిసే అంచు మీద నిలిపి, జంతువు దానికి ఎన్ని గీతల కింద ఉందో చూస్తారు. కన్ను నీటికి 12 మీటర్ల ఎత్తున ఉంటే ఆ అంచు దాదాపు 12 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, మిగతాది లెక్క తేలుస్తుంది. కోణం, దూరం రెండూ తెలిస్తే ఓడ దారికి జంతువు ఎంత పక్కగా ఉందో వస్తుంది. ఇలాంటి దూరాలను పోగుచేసి చూస్తే దారికి దగ్గరగా ఎక్కువ జంతువులు, దూరం పోయేకొద్దీ తక్కువ జంతువులు నమోదై ఉంటాయి. ఆ తగ్గుదల తీరును బట్టి మనం ఎంత వెడల్పు నీటిని చూసినట్టో అంచనా కడతారు. 500 కిలోమీటర్లు ప్రయాణించి, ఒక్కో పక్క కిలోమీటరు చొప్పున చూసినట్టు తేలితే, 1,000 చదరపు కిలోమీటర్ల నీటిని పరిశీలించినట్టు లెక్క.

ఈ పద్ధతి కొన్ని షరతుల మీద నిలబడుతుంది. ఓడ దారి మీదే ఉన్న జంతువు ఏదీ తప్పిపోకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. స్పెర్మ్ తిమింగలం ఒకసారి మునిగితే ముప్పావు గంట దాకా పైకి రాకపోవచ్చు, ఆలోపు మన ఓడ 14 కిలోమీటర్లు దాటిపోతుంది. అది సరిగ్గా మన కిందే ఉన్నా పట్టికలోకి ఎక్కదు. అందుకే మునిగే జాతులకు వేరుగా సవరణ చేస్తారు, వీలున్నచోట వాటి శబ్దాలను వినడానికి హైడ్రోఫోన్‌ను ఓడ వెనక లాగుతారు. డాల్ఫిన్లతో ఇబ్బంది దీనికి తలకిందులు. అవి ఓడ ముందు పుట్టే అల మీద ఈదడానికి ఎక్కడినుంచో పరుగున వస్తాయి. వచ్చాక చూసి రాస్తే, దారి మీద డాల్ఫిన్లు ఉన్నవాటికన్నా ఎక్కువ ఉన్నట్టు లెక్క వస్తుంది. అవి మన ఉనికిని గుర్తించకముందే, దూరాన ఉండగానే వాటిని పట్టుకోవాలి. గుంపులో ఎన్ని ఉన్నాయన్న అంచనాను కూడా పరిశీలకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరికి వారు రాసుకోవాలి, ఎందుకంటే అనుభవజ్ఞుడు పైకి చెప్పిన అంకె వైపు మిగతా అందరూ తెలియకుండానే ఒరిగిపోతారు.

నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చే పట్టిక ఒకటి ఉంది, కొత్తగా వచ్చినవారికి విసుగు పుట్టించేది కూడా అదే. పరిశీలన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, గాలి, అలల ఎత్తు, సూర్యకాంతి నీటి మీద ఎటువైపు మెరుస్తోంది, మబ్బు ఎంత, చూపు ఎంతదూరం ఆనుతోంది అన్నవన్నీ క్రమం తప్పకుండా అందులో రాయాలి. గాలి 7 నాట్లు దాటితే బోఫర్ట్ కొలమానంలో మూడో స్థాయి మొదలై, నీటి మీద అక్కడక్కడా తెల్లనురగ లేస్తుంది. ఆ నురగలో చిన్న డాల్ఫిన్ వీపు రెక్కను గుర్తుపట్టడం ఎంత కష్టమో ఒక పూట చూస్తే మీకే తెలుస్తుంది. నాలుగో స్థాయిలో ఒక్క జంతువూ కనిపించని గంటకు, సముద్రం అద్దంలా ఉన్నప్పుడు ఏమీ కనిపించని గంటకు అర్థం ఒకటి కాదు. మొదటి గంట మన చూపు గురించి చెబుతుంది, రెండోది ఆ నీటి గురించి చెబుతుంది. కాబట్టి ఖాళీ గంటలను కూడా అంతే శ్రద్ధగా రాయండి. మత్స్యకారుల వలలు అడ్డొచ్చి ఓడ దారి మళ్లితే, ఆ నిమిషం నుంచి పరిశీలన ఆగినట్టు రాయాలి. ఆ సమయంలో ఎంత అపురూపమైన జంతువు కనిపించినా దాన్ని విడిగా నమోదు చేయాలి తప్ప లెక్కలో కలపకూడదు.

ఇక నీటి సంగతి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ నదుల నీరంతా బంగాళాఖాతంలోకి చేరడం వల్ల దాని పైపొర అరేబియా సముద్రంతో పోలిస్తే తక్కువ ఉప్పగా, తేలికగా ఉంటుంది. ఆ తేలిక పొర మూతలా పరుచుకుని, పోషకాలున్న కింది నీటిని గాలి సులువుగా పైకి కలపనివ్వదు. అయితే వేసవి మొదట్లో గాలివాటం అనుకూలించినప్పుడు విశాఖ తీరం పక్కన కింది నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి నౌకాదళ ఓడల మీద తిరిగి దీన్ని పరిశీలించారు. ఈ తీరంలో మన సముద్రశాస్త్ర చదువుకు పునాది పడిన రోజులవి, ఆ పనిని మనం తగినంతగా తలుచుకోవడం లేదని నాకు అనిపిస్తుంది.

పగలు జంతువుల పరిశీలన సాగుతుంది కాబట్టి, నేను వెళ్లిన సర్వేల్లో నీటి పని ఎక్కువగా రాత్రి వేళ జరిగేది. లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ యంత్రాన్ని, దాని చుట్టూ బిగించిన సీసాలతో సహా వించితో (తీగను చుట్టి వదిలే యంత్రంతో) దింపుతారు. పైకి తీసేటప్పుడు కావలసిన లోతుల్లో ఒక్కో సీసాను మూయిస్తారు. వెయ్యి మీటర్ల నుంచి వచ్చిన సీసా కుళాయి విప్పితే చేతికి తగిలే నీరు 6, 7 డిగ్రీల చల్లదనంతో ఉంటుంది, అప్పటికి ఓడ పక్కన పైనీరు 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. ప్రాణవాయువు నమూనాను అన్నిటికన్నా ముందు తీయాలి. రబ్బరు గొట్టాన్ని గాజు సీసా అడుగుకు ఆనించి, గాలి బుడగ చొరబడకుండా నింపి, నీరు పొర్లిపోనివ్వాలి. తరువాత మాంగనీసు లవణం, క్షారంలో కలిపిన అయొడైడ్ ద్రావణం వేసి మూత బిగించి కలుపుతారు. పైనీటి సీసాలో చిక్కటి గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. రెండు మూడు వందల మీటర్ల లోతు సీసాలో అది దాదాపు తెల్లగానే ఉండిపోతుంది, ఎందుకంటే ఆ నీటిలో ప్రాణవాయువు లేనట్టే లెక్క. సుమారు 100 మీటర్ల కింద మొదలై కొన్ని వందల మీటర్ల దాకా ఈ పొర పరుచుకుని ఉంటుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, పక్కపక్కనే పెట్టిన ఆ రెండు సీసాలను చూసినప్పుడే నాకది నిజంగా మనసుకెక్కింది.

జంతువులకూ ఈ కొలతలకూ ఉన్న సంబంధం నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కింద ఏముందో చూపే ఎకో సౌండర్ తెర మీద సాయంత్రం పూట బాగా కనిపిస్తుంది. పగలంతా వందల మీటర్ల లోతున దట్టమైన చారలా ఉండే చిన్న చేపలు, రొయ్యజాతి జీవులు, చిన్న రకం కణవలు (స్క్విడ్‌లు) పొద్దుగుంకగానే పైకి రావడం మొదలుపెడతాయి. స్పిన్నర్ డాల్ఫిన్లు ముఖ్యంగా రాత్రి వేళ వీటిని తింటాయి. ఆహారం ఏ లోతున ఉంది, అక్కడి నీరు ఎలా ఉంది అన్నవి తెలియకుండా ఒకచోట డాల్ఫిన్లు ఎక్కువ, మరోచోట తక్కువ అని రాసుకుంటే కారణం ఎప్పటికీ దొరకదు. ఒకే ఓడలో రెండు బృందాలూ ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఈ లెక్కల అవసరం చదువుతో ఆగిపోదు. వలల్లో తిమింగలాలు, డాల్ఫిన్లు చనిపోకుండా తమతో సమానమైన చర్యలు తీసుకోని దేశాల నుంచి చేపల దిగుమతిని ఆపేందుకు అమెరికా 2016లో నిబంధన ప్రకటించింది. మన జలాల్లో ఈ జీవులు ఎన్ని ఉన్నాయో తెలియకపోతే, వలల వల్ల కలిగే నష్టం తక్కువో ఎక్కువో చెప్పలేము. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కలిసి చేపట్టిన సముద్ర క్షీరదాల అంచనా సర్వేల వెనుక ఈ అవసరం కూడా ఉంది.

మీరు వెళ్లే ఫిబ్రవరిలో సముద్రం తరచుగా శాంతంగా ఉంటుంది, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా అదే. నీటి మీద తేలే తాబేలు ఓడకు బాగా దగ్గరైతే తప్ప కనిపించదు కాబట్టి దూరానికే కాకుండా దగ్గరి నీటికీ చూపు అలవాటు చేయండి. చచ్చి తేలేవాటిని, వదిలేసిన వలలను వేరుగా రాయాలి. స్పెర్మ్ తిమింగలం ఊపిరి ముందుకూ ఎడమకూ ఒరిగి చిమ్ముతుందనీ, బ్రైడ్స్ తిమింగలం తల మీద మూడు గీతల్లాంటి గట్లు ఉంటాయనీ గుర్తుపెట్టుకోండి. జాతి తేలకపోతే ఊహించి పేరు రాయకుండా గుర్తించలేదని రాయడమే సరైన పని. ఓడ కుదుపుకు వాంతులు వచ్చేవారైతే డాక్టరును అడిగి మాత్రలు వెంట తెచ్చుకోండి, మొదటి రోజు నుంచే వేసుకోవడం మంచిది. ఎండకు టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి.

ఎక్కే ముందు ప్రధాన శాస్త్రవేత్తను రెండు విషయాలు అడగండి. జంతువు కనిపించినప్పుడు ఓడ దాని దగ్గరికి మళ్లుతుందా, లేక దారి తప్పకుండా సాగిపోతుందా అన్నది ఒకటి. పట్టికల్లో భారత కాలమానం వాడుతున్నారా, జీపీఎస్ చూపే అంతర్జాతీయ కాలమానమా అన్నది రెండోది. ఈ రెండింటికీ ఐదున్నర గంటల తేడా ఉంది, రెండు బృందాలూ ఒకే గడియారం పాటించకపోతే మీరు చూసిన డాల్ఫిన్లకు వేరే చోటి నీటి కొలతలు జతపడతాయి.